బంతి వడ్డించిన చేతులు

మా రోజుల్లో ఇబ్రహీంపట్నంలో పెళ్లంటే, మీసం మొలుస్తున్న ప్రతి పిల్లగాడి చేతికీ ఓ బకెట్ వచ్చేది. వడ్డన వాడిదే. పాఠమేమీ చెప్పేవాళ్లు కాదు. బంతి చివర నిలబడ్డ పెద్దమనిషి చూపుతోనే నడిపించేవాడు. గంటె విస్తరికి తగలొద్దు. ఎడమచేత్తో వేయొద్దు. చెవులు సరిగా వినపడని అవ్వ దగ్గర వంగి అడగాలి. చిన్నపిల్లలకు కొంచెం కొంచెంగా పెట్టాలి. అందరూ లేచాకే మనం కూర్చోవాలి. కడుపు కాలుతున్నా మొహం చిట్లించకుండా తిరగడం అక్కడే అలవాటయ్యేది.

ఆ బంతుల్లో కులాల ఎడం ఉండేది. అది పోవడం మంచిదే, పూర్తిగా పోవాలి కూడా. కానీ దాంతోపాటే మన పిల్లల చేతిలోంచి బకెట్ కూడా పోయింది.

ఇప్పుడు సాగర్ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు. అక్కడ వడ్డించేది క్యాటరింగ్ పిల్లలు. వాళ్లలో ఎంతోమంది చదువుకుంటూ, ఖర్చుల కోసం రాత్రిపూట కూలికి వచ్చేవాళ్లే. పెళ్లింటి కుర్రాళ్లు కుర్చీలో వెనక్కి వాలి, చిటికె వేసి, ‘‘ఏయ్, ఇటు రా’’ అని వాళ్లను పిలుస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పిలిచేవాడికీ వడ్డించేవాడికీ ఒకే వయసు! ఒక్క పెళ్లిలోనైనా బకెట్ మోసినవాడు ఆ పిల్లవాణ్ని అలా పిలవగలడా?

బస్సులోనూ అదే వరస. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. అప్పట్నుంచి మా కాలేజీ కుర్రాళ్ల నోట కొత్త మాట వింటున్నాను. ‘‘పైసలు పెట్టినోళ్లం మేము, జీరో టికెట్‌వాళ్లు నిలబడాలి’’ అంటారు. సంకలో బిడ్డ, చేతిలో కూరగాయల సంచి ఉన్న తల్లి ఎదురుగా నిలబడితే, కిటికీవైపు తిరిగి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. సీటు లెక్క టికెట్‌తో తేలేది కాదు నాయనా, కాళ్లలో సత్తువ ఎవరికుందో దాన్నిబట్టి తేలేది.

వంట విషయంలో మాత్రం మా కాలాన్ని వెనకేసుకురాను. మగపిల్లాడు పొయ్యి దగ్గరికి రావడం నామోషీ అనేవాళ్లు, అది తప్పు. ఇవాళ రూముల్లో ఉండే పిల్లలు ఫోన్ చూసైనా పప్పు వండుకుంటున్నారు. సంతోషం.

ఈత సంగతే భయం. మాకు నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి బావిలోకి తోసేవాళ్లు, గట్టుమీద పెద్దవాడొకడు కాపలా ఉండేవాడు. ఈతకన్నా ముందు నీళ్లంటే భయభక్తులు నేర్పేవాళ్లు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనాటి మా పెద్దచెరువు ఏళ్ల తర్వాత 2022లో అలుగు పారితే కళ్లనిండా చూసుకున్నాం. కానీ ఈత రాని పిల్లలు లోతు తెలియని నీళ్లలో దిగుతుంటే గుండె ఆగినంత పనవుతుంది. చెరువుల్లో, క్వారీ గుంతల్లో కుర్రాళ్లు మునిగిపోయారన్న వార్త ప్రతి ఎండాకాలం ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం.

నా కోపం పిల్లలకన్నా తల్లిదండ్రుల మీదే ఎక్కువ. ‘‘చదువుకోనీ, వాడికేం పని చెప్పకు’’ అని ఇరవై ఏళ్లు పెంచి, తర్వాత ‘‘వీడికి ఏమీ తెలియదు’’ అని తలకొట్టుకుంటే ఏం లాభం? పని చెప్పకుండా మర్యాద రాదు. ఎదుటివాడి ఆకలి, అలసట కళ్లబడేది పనిలోనే.

మాఘమాసం వస్తే లగ్గాలు మొదలవుతాయి. క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడుకోండి, కాదనను. కానీ ఒక్క బంతి, ఇంటి ముసలివాళ్లు కూర్చునే ఆ ఒక్క బంతికి మాత్రం మీ కొడుకులతో వడ్డన చేయించండి.