లైటు ఆర్పమని కేకలేయకండి

లైటు ఆర్పలేదని ఇంట్లోవాళ్ల మీద అరవడం ఇవాళ్టితో మానేయండి. ఇంటి కరెంటు వాడకం మీద కన్నేసి ఉంచాలనుకునే సూరత్ బమ్రోలిలోని తెలుగు కుటుంబాలకి నా మొదటి సలహా ఇదే. ఆ తర్వాత చెప్పేవి కూడా మీ ఇంట్లో పెద్దలు చెప్పినదానికి ఎదురుగానే ఉంటాయి. అయినా ఓపిగ్గా వినండి.

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజూ పది గంటలు వెలిగినా నెలకి మూడు యూనిట్లు కాల్చదు. ఫోను తీసేశాక గోడకి వేలాడే చార్జరు నెల మొత్తానికి పావు యూనిట్ కూడా తినదు. "ఎవడ్రా లైటు బంద్ చెయ్యనిది?" అని పిల్లల్ని గదమాయించే తండ్రికి తన నెత్తిమీద తిరిగే ఫ్యాను కనబడదు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. మన గల్లీల్లో అది ఆగేదెప్పుడు? లూముల కార్ఖానాలో రాత్రి పాళీ దిగి వచ్చినవాళ్లు పగలంతా దానికిందే పడుకుంటారు. వాళ్లు లేచి పనికెళ్లగానే పిల్లలు అక్కడే చాప పరుచుకుంటారు. రోజుకి 20 గంటలంటే నెలకి 45 యూనిట్లు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 18తో సరిపోతుంది. మిగిలిన 27 యూనిట్లతో పది బల్బులు నెలంతా రాత్రిళ్లు వెలుగుతాయి. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యానులకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. ఈసారి ఫ్యాను కొనేటప్పుడు రంగు కాదు, ఆ నక్షత్రాలు చూడండి.

లెక్క మొదలుపెట్టిన మొదటి నెలలో ఏమీ పొదుపు చేయకండి. టీవీ, ఇస్త్రీపెట్టె, హీటరు ఎప్పటిలాగే వాడండి. ఇంట్లో అందరూ జాగ్రత్తపడిపోతే మీ అసలు వాడకం ఎంతో మీకు ఎప్పటికీ తెలియదు. ఆ నెలలో బిల్లు కాస్త ఎక్కువ వచ్చినా నష్టం లేదు.

లెక్క కోసం సామాను కూడా అప్పుడే కొనకండి. మీ గది సబ్‌మీటరు ముందు నిలబడండి. ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో ఇంగ్లిషు పొట్టి అక్షరాల్లో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద ఆ అంకె 3200, కొన్నింటి మీద 1600. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యాను తిరగనివ్వండి. సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ తెరిచి, మిణుక్కీ మిణుక్కీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3200 మీటరు అయితే 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 15 సెకన్లు పట్టిందంటే మీది 75 వాట్ల ఫ్యానన్నమాట. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే సెకనుకొకటి చొప్పున టకటకా మిణుకుతుంది. ఒక్క మిణుకు మీద ఆధారపడకుండా పది లెక్కపెట్టి సగటు తీయండి. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకున్న క్షణం మీటరు దగ్గరే ఉంటే, మీరు ఏ స్విచ్చూ ముట్టుకోకుండానే మిణుకుల వేగం పెరగడం కనిపిస్తుంది. ఇంట్లో ఏది ఎంత లాగుతోందో అప్పుడు మీకే తెలిసిపోతుంది.

ఇదంతా చేశాక కూడా సరదా తీరకపోతే ఆటోమేషన్‌కి రండి. వెలుతురు పట్టే చిన్న సెన్సరు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు కలిస్తే పైన చెప్పిన మిణుకులనే రాత్రీ పగలూ లెక్కపెడతాయి. ఆ అంకెల్ని హోమ్ అసిస్టెంట్ గ్రాఫుగా గీస్తుంది. 2013లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కరెంటు లెక్కల పేజీ 2021 ఆగస్టులో వచ్చింది. సెన్సరు మీ సొంత సబ్‌మీటరుకే అతికించండి. కరెంటు కంపెనీ మీటరు జోలికి, దాని సీలు జోలికి పోకండి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది నేరం. స్విచ్ బోర్డు లోపల వైరు ముట్టుకోవాల్సి వస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ప్రతి సామానుకీ స్మార్ట్ ప్లగ్గు పెట్టమని దుకాణంవాళ్లు చెబుతారు. పెట్టకండి. వైఫై ప్లగ్గు ఊరికే ఉన్నా దాదాపు ఒక వాటు తింటుంది. పది ప్లగ్గులకి నెలకి ఏడు యూనిట్లు, హోమ్ అసిస్టెంట్‌ని నడిపే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టెకి ఇంకో మూడున్నర. ఒకే ప్లగ్గు కొని వారానికో సామానుకి మార్చుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది: ఆటోమేషన్‌తో ఏదీ ఆర్పించకండి. గదిలో కదలిక లేకపోతే ఫ్యాను ఆగిపోయేలా పెట్టుకోమని వీడియోల్లో చూపిస్తారు. మామూలు కదలిక సెన్సరుకి కదలకుండా నిద్రపోయే మనిషి కనబడడు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషి సూరత్ మే నెల మధ్యాహ్నం నిద్రలో ఉంటే, గది ఖాళీ అనుకుని మీ యంత్రం ఫ్యాను ఆపేస్తుంది. ఆ పాపం మీకెందుకు? యంత్రాన్ని లెక్కపెట్టనివ్వండి. స్విచ్చు మాత్రం మనిషి చేతిలోనే ఉండాలి.

పక్కింటి లెక్కతో పోల్చుకోకండి. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇళ్లకి చుట్టుపక్కల సగటు వాడకం తెలియజేసి చూసిన పరిశోధన 2007లో వచ్చింది. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు మాత్రం పెంచేశారు. అలాంటి ఇళ్లకి మెచ్చుకోలుగా నవ్వుముఖం బొమ్మ వేసి పంపితే ఆ పెరుగుదల ఆగింది. మీ ఇంట్లో కూడా తగ్గించినవాళ్లని మెచ్చుకోండి, చాలు.

రూపాయలు కూడా చూడకండి, యూనిట్లే చూడండి. మీరేమీ మార్చకపోయినా ఇంధన చార్జీ మారితే లైట్ బిల్లు మారుతుంది.

గ్రాఫుతో ఇంట్లోవాళ్ల మీద నిఘా పెట్టకండి. ఎవరు ఎప్పుడు లేచారో, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉందో అందులో తెలిసిపోతుంది. ఈ భయంతోనే 2009లో నెదర్లాండ్స్ ఎగువసభ స్మార్ట్ మీటర్లని తప్పనిసరి చేసే బిల్లును ఆపేసింది. పగలు ఇంట్లో ఉండేది కోడళ్లూ ముసలివాళ్లూ. గ్రాఫులో పగటి గీత పైకి లేచిందంటే నింద వాళ్ల మీదే పడుతుంది. ఆ గీత ఫ్రిజ్‌దీ ఫ్యానుదీ అని ముందు మీరు తెలుసుకోండి, తర్వాత మాట్లాడండి. లెక్కలు ఇంటి పెట్టెలోనే ఉంచండి, బయటి సర్వర్లకి ఎక్కించకండి.

2024 మేలో వడోదర, సూరత్‌లలో స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లకి వ్యతిరేకంగా జనం రోడ్డెక్కారు. బ్యాలెన్సు త్వరగా అయిపోతోందని వాళ్ల బాధ. పక్కనే పాత రకం మీటరు పెట్టి పోల్చి చూపిస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మీకూ అనుమానముంటే మీటరుని తిట్టకండి, మొబైల్ యాప్‌నీ నమ్మకండి. అలా పక్కన రెండో మీటరు పెట్టించుకుని, ఇవాళ పొద్దున్నా రేపు అదే వేళకీ రెండు మీటర్ల అంకెలూ రాసుకోండి.

అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఒకటో తారీఖున సబ్‌మీటరు ఫొటో తీసుకోండి. మకాన్ మాలిక్‌ని యూనిట్ రేటు అడిగి ఊరుకోకండి, ఆయనకి వచ్చిన అసలు బిల్లు చూపించమనండి. మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే మీ దగ్గర తీసుకునే రేటు సరైనదో కాదో తేలిపోతుంది. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే ఆ బిల్డింగులో ఉండే నాలుగు కుటుంబాలూ కలిసి వెళ్లండి.