డాక్టర్ గారి బండే!

నెల్లూరులో పాత సెడాన్ బేరానికి వెళ్లి చూడండి. సిటీ కానీ, వెర్నా కానీ, సియాజ్ కానీ, మొదటి ఓనరు డాక్టరు గారే. ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిప్పలేదట. మీటరు 40 వేలే చూపిస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. జిల్లాలో ఇంతమంది డాక్టర్లుంటే రోగులు చెన్నై రైలెక్కడం ఎందుకో!

అన్నట్టు, చెన్నై బండి చవగ్గా వస్తోందని మురిసిపోకండి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 మిగ్‌జాం తుపానులో అక్కడ కార్లెలా మునిగాయో అందరం టీవీలో చూశాం. సీటు బెల్టు చివరిదాకా లాగండి. బురద చార కనబడితే డాక్టరు గారు కారులోనే ఈత కొట్టినట్టు. పైగా ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవక కాస్తా హరీ!

పోనీ, లోకల్ బండే మేలంటారా? అది మైపాడు ఉప్పుగాలి తిని పెరిగింది. కిందికి వంగి టార్చి వేస్తే నిగనిగలాడే కొత్త నల్లరంగు. గోరుతో గీకితే పెచ్చు ఊడి తుప్పు రాలింది.

‘‘అండర్ కోటింగన్నా, మీకోసమే ఫ్రీగా కొట్టించినాం’’ అన్నాడు బ్రోకరు.