గుత్తి కొండపై ఫోను వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: "రెండు వందల మీటర్ల తరువాత ఎడమకు తిరగండి."

అవతారిక: రాయలసీమలోని గుత్తి కోట ఎక్కబూనిన కొత్త నడకరితో అరచేతిలోని ఫోను పలికిన వాక్యమిది. పలికినది స్త్రీకంఠము గావున అపౌరుషేయమని కొందరు. కారు నడుపువారికై పుట్టిన మ్యాపు గావున కొండపై ప్రమాణము కాదని మేము.

ప్రతిపదార్థము: రెండు వందల మీటర్ల = పటముపై పడుకోబెట్టి కొలిచిన దూరము; మైదానముకన్న సుమారు 300 మీటర్లు లేచిన బండకొండ ఎక్కుడు ఇందు చేరదు. తరువాత = ఆయాసము తీరిన పిమ్మట. ఎడమకు = నిలుచున్నవాని మొగమెటో ఉపగ్రహములెరుగవు, నాలుగడుగులు వేసినగాని దిక్కు తేలదు; ఫోనులోని దిక్సూచి చెప్పును గాని, కవరుకు అయస్కాంతమున్నచో అదియు తికమకపడును. తిరగండి = దారి యున్నచో తిరగండి. ఈ కొండ అంచుననే, కోట నేలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె గలదు. అచ్చట కూర్చుండి చదరంగమాడెడివాడనియు, ఖైదీలను కిందికి తోయించెడివాడనియు చెప్పుకొందురు. వారికిని బహుశా ఇట్లే దారి చూపియుందురు.

తాత్పర్యము: తిరగవద్దు.

టీక: "టవరు లేనిచోట జీపీఎస్ పనిచేయదు గదా" యని పూర్వపక్షము. అది తప్పు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నాలుగింటి సంకేతమందిన చాలును, సిమ్ము లేని ఫోనైనను తానున్న చోటు తెలుపును. రానిది పటము. అది డేటాపై దిగవలసినది గావున ఇంటివద్ద వైఫై ఉండగానే దింపుకొనుట మొదటి విధి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటివి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటమును ఫోనులోనే దాచును, కాలిబాటలను సైతము చూపును. ఎవరైనా గీసియుంటేనే సుమా! గీసిరో లేదో బయలుదేరక మునుపే తెరచి చూడవలె. నడచిన జాడను నమోదు చేయు మీట నొక్కుట రెండవ విధి. ద్వారము వెనుక ద్వారముగా గోడలు పెనగొన్న ఈ కోటలో ఎక్కుట సులువు, వచ్చిన దారినే దిగుట చిక్కు.

చేతిలో పట్టుకొను జీపీఎస్ యంత్రము వేరే కొనవలదా? బ్యాటరీ సెల్లులు మార్చుకొనుచు దినములకొద్దీ అడవులు తిరుగువారికి అది యోగ్యము. ఒక పూట గుత్తికి దండుగ. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనవచ్చును. అయితే ఫోనుకు ఈ సీమ ఎండయే శత్రువు. 35 డిగ్రీలు దాటిన చోట ఐఫోను వాడరాదని చేసినవారే సెలవిచ్చిరి. ఇచ్చట ఏప్రిల్‌లో 40 దాటును. బండపై పెట్టిన ఫోను తెర నల్లబడి, చల్లారువరకు పలుకదు. తుండుగుడ్డలో చుట్టి సంచిలో దాచి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, మలుపువద్ద మాత్రమే తీయవలె.

ఉపగ్రహముల ద్వారా సందేశము పంపు యంత్రములను విదేశీ వీడియోలు చూచి కొనరాదు. అనుమతి లేక మన దేశమున వానిని వాడుట నేరము. విమానాశ్రయములలో పట్టుబడిన పర్యాటకులున్నారు. ఆకాశము చెప్పినది వినవచ్చును, బదులు చెప్పరాదని ధర్మసూక్ష్మము.

విశేషము: 1811లో సర్వే అధికారి లాంబ్టన్ దొర గుత్తి దగ్గరనే భూమిని గొలుసుతో కొలిచి, దేశపటమునకు కావలసిన ఆధారరేఖలలో ఒకటి గీసెను. ఆయన కోణమాపకము అర టన్ను. పవర్ బ్యాంకు బరువని మూల్గువారు గమనింతురు గాక.

పాఠాంతరము: "అట్ల పోవాకప్పా, ఆ పక్క దారి లేదు" అని గొర్రెల కాపరుల ప్రతి. పాఠము శుద్ధము, ఛార్జింగు అక్కరలేనిది. కాని మిట్టమధ్యాహ్నము కాపరియు నీడకు పోవును గావున దీనిని వైకల్పికముగానే గైకొనవలె.