నేను నీళ్ళ గిన్నెను

నేను స్టీలు గిన్నెను. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో, వంటింటి గుమ్మం పక్కన నా చోటు. జారిపోకుండా నా అడుగున రబ్బరు చుట్టు ఉంది. బంటి అనే డాషండ్ కూనగా ఈ ఇంటికి వచ్చినప్పుడే నన్నూ కొన్నారు. వాడు ముట్టని రోజంటూ నా బతుకులో లేదు.

వాడికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా నేను మాటిమాటికీ ఖాళీ అవడం మొదలైంది. అర్ధరాత్రి లేచి వచ్చి, నా అడుగు కనబడేదాకా తాగి, ఇంకేమైనా ఉందేమోనని ముక్కుతో నెట్టేవాడు. నా అంచు గోడకు తగిలి టంగుమనేది. ఆకలీ అంతే, ఎంత పెట్టినా చాలేది కాదు. పొట్ట కిందికి జారింది, నడుం మీద వెంట్రుకలు పలచబడ్డాయి, కూర్చున్నచోటే రొప్పేవాడు. అమ్మగారు అవన్నీ గమనించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, నాలుగో గంటకూ ఎనిమిదో గంటకూ మళ్ళీ రక్తం తీసి చూశారు. తేలింది కుషింగ్స్ జబ్బు.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ పుట్టి, కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులను అదే పనిగా తరుముతుంది. అవి అవసరానికి మించి కార్టిసాల్ అనే హార్మోన్ వదులుతాయి. ఈ జబ్బొచ్చిన కుక్కల్లో నూటికి 80 పైన ఇదే తీరు, మిగతావాటిలో గడ్డ అడ్రినల్‌లోనే ఉంటుంది. మనుషుల్లో దీన్ని 1932లో వివరించిన అమెరికా న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ పేరే జబ్బుకు పెట్టారు.

బంటికి కార్టిసాల్‌ను తగ్గించే ట్రైలోస్టేన్ క్యాప్సూల్ మొదలైంది. రెండు వారాల లోపు మొదటి తనిఖీ. దానికి ఈ ఇల్లు సిద్ధమైన తీరులో నాకూ పాత్ర ఉంది.

పొద్దున్నే కొలత జగ్గుతో నాలో నీళ్ళు పోస్తారు. మర్నాడు అదే వేళకు మిగిలినవి కొలిచి, తీసివేసి, నోటుబుక్కులో రాస్తారు. వాడు ఇంకెక్కడా తాగకుండా బాత్రూంలో బకెట్ మీద మూత పెట్టారు. అంతేగానీ, నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు. ఈ జబ్బులో ఎక్కువ తాగడం వల్ల మూత్రం ఎక్కువ కావడం కాదు, మూత్రం ఎక్కువగా పోవడం వల్లే తాగడం. నన్ను ఎండబెడితే వాడి ఒళ్ళు ఎండుతుంది.

నోటుబుక్కులో అన్నం తిన్న తీరు, రాత్రి ఎన్నిసార్లు లేచాడు అన్నవీ ఉన్నాయి. రొప్పడాన్ని నాన్నగారు ఫోన్‌లో వీడియో తీశారు. వాడి చెవి చుక్కల సీసా కూడా డాక్టరుకు చూపించడానికి సంచిలో పెట్టారు. అలాంటివాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇవే లక్షణాలు రావచ్చు, పరీక్షా తప్పుదారి పట్టవచ్చు.

పురిటికి వచ్చిన పెద్దమ్మాయి క్యాప్సూల్ అందుకోబోతే అమ్మగారు ఆపారు.

"నువ్వు ముట్టుకోకే, కడుపుతో ఉన్నావు. నాన్న వేస్తారులే."

ఆ మందు పట్ల గర్భిణులు జాగ్రత్తగా ఉండాలి. దాన్ని విప్పకూడదు, సగం చేయకూడదు, అన్నంతోనే ఇవ్వాలి. తనిఖీలో కార్టిసాల్‌ను చూసే ఏసీటీహెచ్ పరీక్ష క్యాప్సూల్ వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య మొదలవ్వాలి కాబట్టి ఆరింటికి వేసి, పదిన్నరకు వేళ తీసుకున్నారు. డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు: వాంతులైనా, అన్నం వదిలేసినా, నీరసంగా పడిపోయినా క్యాప్సూల్ ఆపేసి వెంటనే ఫోన్ చేయమని. కార్టిసాల్ మరీ పడిపోయినా ప్రాణాపాయమే. ఆకలికి ఆగలేని కుక్క కంచం వదిలేసిందంటే చిన్న విషయం కాదు.

బంటి నోరు తెరిచి తన బాధ చెప్పలేడు. వాడి దాహాన్ని అంకెల్లో చెప్పే భాగ్యం నాకు దక్కింది. ఒక గిన్నెకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

మీ ఇంట్లో వయసు మళ్ళిన కుక్క ఉంటే ఇవాళే దాని నీళ్ళు కొలవండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటుతుంటే కారణం కుషింగ్సే కానక్కర్లేదు, షుగరో కిడ్నీ జబ్బో కావచ్చు. ఏదైనా సరే, ఆ లెక్క చేత పట్టుకుని డాక్టరు గుమ్మం ఎక్కండి.