తపాల్ బల్ల మీది ముద్రను

నా ఒంటి మీద ఉన్నది ఒకే మాట: 'అందినది'. దాని కింద తేదీ.

2015లో ఆబిడ్స్‌లోని ఓ ఇరుకు కొట్టులో పుట్టాను. నల్లని పిడి, రబ్బరు అక్షరాలు, నడుమ తిరిగే తేదీ పట్టీలు. అటెండరు నన్ను చొక్కా జేబులో వేసుకుని నాంపల్లి మీదుగా లక్డీకాపూల్ తెచ్చాడు. పేరుకే కట్టె వంతెన. నేనొచ్చేసరికి కట్టె ఆనవాలు లేదు. మూడేళ్లకు, 2018 సెప్టెంబరులో, మెట్రో రైలు కూడా వచ్చింది. నేను చేరిన ఆఫీసు ఏదో మాత్రం చెప్పను.

మొదట్లో నా బతుకంటే నాకే చిన్నచూపు. పెద్ద సారు పచ్చ సిరాతో ఓ గీత గీస్తే ఫైలు పరుగెత్తేది. నేను పొద్దస్తమానం ఊదా సిరాలో ముఖం ముంచి కాగితాలకు తల బాదుకుంటే, కాగితం వచ్చిందని తెలిసేది, అంతే. ఆ 'అంతే' విలువేమిటో ఒక పెద్దాయన వల్ల తెలిసింది.

శివారు ఊరి నుంచి వచ్చాడు. చేతిలో హైకోర్టు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ. మళ్లీ వాయిదా దాకా అతని ఇంటి జోలికి పోవద్దని అందులో ఉంది. గుమస్తా చదివాడు. చదివి, నన్ను డ్రాయరులోకి నెట్టాడు.

"సారు క్యాంపుల ఉన్నడు. సోమవారం రా పెద్దాయనా."

"సారుతోటి నాకేం పని బిడ్డా? ఒక్క ముద్ర వెయ్యి, గంతే."

వెయ్యలేదు. సోమవారం నన్ను బయటికి తీసేసరికి జేసీబీ వెళ్లి రావడం కూడా అయిపోయింది.

కొన్ని వారాలకు ఫారం-1 నోటీసు వచ్చింది. కంటెంప్ట్ కేసు, స్వయంగా హాజరు కావాలి. దాని మీదా ముద్ర వేసింది నేనే. హోదాతో పాటు సారు పేరు కూడా రాసి ఉంది. ప్రభుత్వాన్ని జైల్లో పెట్టలేరు గదా, మనిషినే పెడతారు. మావాళ్లు నన్నే సాక్షిగా నిలబెట్టారు: "ఆర్డరు మాకు సోమవారమే అందింది, ముద్ర చూడండి." కానీ ఆర్డరు చెప్పినప్పుడు ప్రభుత్వ ప్లీడరు కోర్టు హాల్లోనే ఉన్నాడు. ఆయన అదే రోజు ఫోను చేసినట్టు మా ఫైల్లోనే నోటు ఉంది. నన్ను దాచగలిగారు గానీ, తెలిసిన సంగతిని దాచలేకపోయారు.

ఆ రోజుల్లో సెక్షన్‌లో అందరూ లాయర్లే. నా చెవిన పడిన సారం ఇది. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం, ఆర్డరు ఉందని తెలిసి కావాలని కాలదన్నినవాడే దోషి. అసలు తెలియనివాడికి, పాటించడం తన చేతుల్లో లేనివాడికి ఆ మాట వర్తించదు. ఉల్లంఘన కంపెనీదైతే, అప్పట్లో దాని వ్యవహారాలు చూసే బాధ్యుల మెడకు చుట్టుకుంటుంది. కేసులో పేరు లేకపోయినా, ఆర్డరు సంగతి తెలిసీ ఉల్లంఘనకు చేయి కలిపినవాడు తప్పించుకోలేడు. సారు బదిలీ అయ్యాక వచ్చినాయన "నా హయాంలో ఇచ్చిన ఆర్డరు కాదుగా" అన్నాడు. సూపరింటెండెంటు నెమ్మదిగా, "ఛార్జి తీసుకున్నాక తెలిసి ఊరుకుంటే అది మీదే సార్" అన్నాడు. అప్పీలు వేశాం కదా అన్నా చెల్లదు. పైకోర్టు స్టే ఇచ్చేదాకా కింది ఆర్డరు బతికే ఉంటుంది.

శిక్ష గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, రెండు వేల జరిమానా, లేదా రెండూ. మనస్ఫూర్తిగా క్షమాపణ చెబితే కోర్టు వదిలేయవచ్చు. మా సారు క్షమాపణతోనే బయటపడ్డాడు. పెద్దాయన గోడలు మాత్రం క్షమాపణతో లేవలేదు.

అందరికీ అంత సులువు కాలేదు. గుంటూరు జిల్లాలో హైకోర్టు వద్దన్నా గుడిసెలు కూల్చిన తహసీల్దారుకు, 2015లో మూసీ ఒడ్డునున్న అప్పటి ఉమ్మడి హైకోర్టు రెండు నెలల జైలు వేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి ఆయన డిప్యూటీ కలెక్టరు. 2025 మే 9న ఆ కోర్టు ఆయన్ను మళ్లీ తహసీల్దారును చేసి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అంతకు ముందు, 2022 మార్చిలో, బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలు వద్దన్న ఆర్డరు విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు విధించింది. వాళ్లు క్షమాపణ కోరితే, జైలు బదులు సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమంది.

ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చింది, నాకు పని తగ్గింది. నా సంవత్సరాల పట్టీలో చివరి అంకె 2026. ఆ తర్వాత తిప్పడానికి ఏమీ లేదు. పోయేముందు ఒక్క మాట. కోర్టు ఆర్డరుతో ఏ ఆఫీసు గడప తొక్కినా, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. ముద్ర వేయం అంటే ఆ పూటే తపాల్లో పంపి రసీదు దాచుకోండి. ఆర్డరును కాలదన్నితే, ఆ రోజు నుంచి ఏడాదిలోపే హైకోర్టుకు వెళ్లండి. ఆ గడువు దాటితే నా ఊదా సిరా కూడా మిమ్మల్ని ఆదుకోలేదు.