ట్యూనింగ్ జారుతోందా? ఈ సలహాలు మాత్రం వినకండి

లీనియర్ యాంప్లిఫయర్ వేడెక్కాక 80 మీటర్ల బ్యాండ్‌లో డిప్ పట్టుకుంటాం. అంటే ప్లేట్ కరెంట్ ముల్లు బాగా కిందికి దిగే చోట ట్యూన్ నాబ్ ఆపుతాం. ఐదు నిమిషాలు మాట్లాడేసరికి ముల్లు పైకి పాకుతుంది, పవర్ పడిపోతుంది. నాబ్ కదిపితే డిప్ మళ్లీ దొరుకుతుంది, కానీ పక్కకు జరిగి ఉంటుంది. ఈ జబ్బు సంగతి చెబితే తలా ఒక మందు చెబుతారు. వాటిలో కొన్ని నేను వాడి చూసినవే. మీరు వాడొద్దు.

"ట్యూబులు పోయాయి, మార్చెయ్." అందరికన్నా ముందు వినిపించేది ఇదే. నా లీనియర్‌లో 813లు రెండు, పక్కపక్కన. ఆ మాట నమ్మి కొత్త జత కొన్నాను. వాటితోనూ ఐదో నిమిషానికి డిప్ జారింది. ట్యూబు ముసలిదైతే ఎమిషన్ తగ్గి పవర్ రాదు, నిజమే. అంతమాత్రాన డిప్ చోటు మారదు. ఒక్కో 813 లోపలి అవుట్‌పుట్ కెపాసిటెన్స్ 14 పికోఫారడ్‌లు. ఈ బ్యాండ్‌లో ప్లేట్ వైపు మొత్తం కావలసింది నా సెట్లో రెండు వందలకు దగ్గర. జారుడు ఆ మిగతా భాగంలో ఉంది.

"జారినప్పుడల్లా నాబ్ తిప్పుకో, పవర్ తగ్గితే డ్రైవ్ పెంచు." డిప్ తప్పిన ప్రతి నిమిషం, బయటికి వెళ్లాల్సిన పవర్ ప్లేటులోనే వేడి అవుతుంది. 813 ప్లేటు తట్టుకునేది 125 వాట్లు. డ్రైవ్ పెంచితే ఆ ప్లేటునే ఇంకా కాలుస్తున్నాం. నాబ్ తిప్పండి, తప్పు లేదు. కానీ ఎటు తిప్పాల్సి వచ్చిందో రాసుకోండి. రేకులు ఇంకా లోపలికి మూస్తేనే డిప్ దొరికిందంటే, సర్క్యూట్‌లో ఎక్కడో కెపాసిటెన్స్ తగ్గిందన్నమాట. నాకు అసలు దారి చూపింది ఆ ఒక్క గుర్తే.

"మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టు." దయచేసి ఈ పని చేయకండి. 813 నెత్తిన క్లిప్పు బోసిగా ఉంటుంది, దాని మీద రెండు వేల వోల్టులు ఉంటాయి. తగిలితే ఇంకో అవకాశం ఉండదు. మూత తీస్తే సప్లై ఆగేలా పెట్టిన ఇంటర్‌లాక్‌ను కట్టేసి నడిపేవాళ్లను చూశాను, చూసిన ప్రతిసారీ భయపడ్డాను. ప్లగ్ పీకినా సరే, ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే గంట తర్వాత కూడా కొడుతుంది. ప్లేట్ వోల్టేజి మీటరు సున్నాకు రావాలి. తర్వాత ఛాసిస్‌కు కట్టిన షార్టింగ్ కర్రను హై టెన్షన్ (హెచ్‌టీ) లైనుకు తాకించి, పని అయ్యేదాకా అక్కడే తగిలించి ఉంచండి. చెయ్యి పెట్టడం ఆ తర్వాతే.

"యాంటెన్నాదే తప్పు, దించి చూడు." మాది కొబ్బరి తోట. నలభై మీటర్ల పొడవు డైపోల్ దించి మళ్లీ ఎక్కించాలంటే ఇద్దరు మనుషులకు ఒక పూట పని. దించేముందు డమ్మీ లోడ్ మీద నడపండి. దాని మీద డిప్ కదలకపోతే బాలన్ వేడెక్కడమో, పీఎల్-259 కనెక్టర్‌లో నీరు చేరడమో అనుకోవచ్చు. నాకు డమ్మీ లోడ్ మీదా జారింది. 40 మీటర్ల బ్యాండ్‌లో మాత్రం కదల్లేదు.

80లోనే కలిసి, 40లో విడిపోయేది ఏది? ట్యూన్ కెపాసిటర్ చాలక, బ్యాండ్ స్విచ్ ద్వారా దానికి తోడు చేసిన ప్యాడర్. పాతది పగిలినప్పుడు "అదే విలువ, అంతకన్నా ఎక్కువ వోల్టేజి, ఏ సెరామిక్ అయినా ఒకటే" అన్నారు. నా చేత ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించింది ఈ సలహాయే. జెడ్5యూ రకం సెరామిక్ విలువ వేడిమి మార్పుతో 56 శాతం దాకా పడిపోవచ్చు. ఎన్‌పీ0 రకంలో ఆ మార్పు డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకు మించదు. పైగా ఒంటి మీద రాసిన వోల్టేజి డీసీది. ఆర్‌ఎఫ్ కరెంట్ ఎంత మోయగలదో ఆ అంకె చెప్పదు.

పది నిమిషాలు నడిపి, ఆపి, డిశ్చార్జ్ చేసి వేలు పెట్టి చూశాను. పక్కనున్న ట్యూన్ కెపాసిటర్ గోరువెచ్చగా ఉంది. ప్యాడర్ మీద వేలు నిలవలేదు. దాని స్థానంలో ఎన్‌పీ0 డోర్‌నాబ్ కెపాసిటర్ వేసి, సన్న తీగకు బదులు వెడల్పాటి రాగి పట్టీతో కలిపాను. డయల్ మీద పెన్సిల్‌తో గీత గీసి మళ్లీ పది నిమిషాలు నడిపాను. డిప్ ఆ గీత మీదే ఉంది.