కొర్రమీను సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "చిన్నదే గద బామ్మర్ది, గండ్లనే ఎయ్యి. ఏం గాదు."

అవతారిక: మందమర్రిలో సింగరేణి క్వార్టర్. ఆదివారం అంగడి నుంచి మా బావ జానెడు కొర్రమీనును నీళ్ల కవర్లో ప్రాణంతో పట్టుకొచ్చి, మావాడి గాజుతొట్టి ముందు నిలబడి ఈ సూత్రం సెలవిచ్చాడు.

టీక: చిన్నదే = జానెడే; గద = వినువాని చేతనే అవుననిపించు అవ్యయము; బామ్మర్ది = ఎదురు చెప్పజాలనివాడా; గండ్లనే = బొటనవేలంతేసి గోల్డ్‌ఫిష్‌లు ఐదు, ప్లాస్టిక్ కోట ఒకటి గల ఆ తొట్టియందే; ఎయ్యి = విడువుము; ఏం = ఏదియు; గాదు = జరుగదు. ఎవరికి అన్న పదము అధ్యాహార్యము. కొర్రమీనుకు అని పూరించుకొన్నచో సూత్రము అక్షరాలా సత్యము.

తాత్పర్యం: మూడు రోజుల్లో గోల్డ్‌ఫిష్‌లు రెండయ్యాయి.

విశేషాలు: 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. అంత గౌరవం గల చేప ప్లాస్టిక్ కోట వెనక కర్రముక్కలా కదలక పడి ఉంటుంది. తోక ఆడిస్తూ ఒకటి దగ్గరికొస్తుంది. నీళ్లు ఒక్కసారి కదులుతాయి, అంతే. చెరువుల్లో పెంచేవాళ్లు దీని పిల్లల్ని సైజుల వారీగా వేరుచేసేది ఊరికే కాదు, పెద్దది తన తోడబుట్టిన చిన్నదాన్నీ మింగుతుంది. ఇక గోల్డ్‌ఫిష్ ఏపాటి చుట్టం?

శంక: తొట్టి గాలిపంపు ఆగితే అదీ చస్తుంది గదా? సమాధానం: చావదు. పైకొచ్చి గాలి గుటక వేసి దిగిపోతుంది. అంగడిలో రవ్వు, బొచ్చె ఐసు మీద పడుకుంటే ఇది టబ్బులో ఎగురుతుండేది అందుకే. మా పంపు ఆగిన పూట ఆయాసపడింది మిగతావే.

సముద్రపు తొట్లవాళ్లకు, తోటివాటిని కాజేసే ఈ పాత్ర మాంటిస్ ష్రింప్‌ది. పేరుకే రొయ్య. రాళ్ల కంతల్లో దాక్కుని పిలవకుండానే వస్తుంది. అందులో నెమలి రంగులది సెకనుకు 23 మీటర్ల దాకా వేగంతో గుద్దుతుంది. ఆ దెబ్బకు పీత డిప్ప పగులుతుంది. వాళ్ల పండితులూ వేరే తొట్టి కొనమనే తీర్పిచ్చారు. మందమర్రికి సముద్రం లేదు కాబట్టి మాకు కొర్రమీనే దిక్కు.

ప్రస్తుతం అది వెనక వసారాలో డ్రమ్ములో ఉంది. ఎగరకుండా మూత, మూత మీద ఇటుక. బావ రోజూ ఫస్టు షిఫ్టు దిగి వచ్చి మూత తీసి చూస్తున్నాడు. కిలో తూగేదాకా ఆగుదామంటున్నాడు.